దారి చూపే పెట్టెకు బండి పొడవు తెలుసునా?

జంషెడ్‌పూర్ నుంచి ఉక్కు మోసుకుపోయే ట్రైలరుతో ఒక రాత్రి ప్రయాణం: మార్గదర్శక సాధనాన్ని ఎంచుకొనేవారికి అది నేర్పే పాఠాలు

జంషెడ్‌పూర్ నగరం వెలుపల లారీలు ఆగే మైదానంలో చీకటి పడుతున్నది. ఉత్తరాన దల్మా కొండలు నల్లని గీతగా మారిపోయాయి. భారీ వాహనాలకు విధించిన ప్రవేశ నిషేధపు గంటలు ఎప్పుడు ముగుస్తాయా అని పగలంతా వేచి ఉన్న ట్రైలర్లు ఒక్కొక్కటిగా కదలడానికి సిద్ధమవుతున్నాయి. వాటిలో ఒకదానిపై గొలుసులతో బిగించిన రెండు పెద్ద ఉక్కు రేకు చుట్టలు ఉన్నాయి. గమ్యం విశాఖపట్నం. విశాఖలో ఉక్కు కర్మాగారం ఉన్నప్పటికీ అది ప్రధానంగా కమ్మీలు, కడ్డీలు, తీగచుట్టల వంటివే తయారు చేస్తుంది. రేకు చుట్టలు కావలసినవారు ఇటువంటి ఊళ్ళవైపు చూడవలసిందే.

డ్రైవరుది శ్రీకాకుళం జిల్లా. వయస్సు యాభై దాటింది. క్లీనరుగా వచ్చిన కుర్రవాడు అతని మేనల్లుడు. కుర్రవాడు సెల్‌ఫోనులో గమ్యస్థానం నొక్కి, తెరపై వెలసిన నీలిరంగు గీతను కాసేపు పరిశీలించాడు.

“మావయ్యా, హాటా, రాయ్‌రంగ్‌పూర్ మీదుగా పొమ్మంటోంది. దగ్గరవుతాదట.”

డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టాడు. “దగ్గర ఎవరికిరా? కారోడికి. మన ఎనకాల ఏటుందో దానికి చెప్పినావా?”

కుర్రవాడు తెరను పైకీ కిందికీ జరిపి చూశాడు. “చెప్పడానికి సోటు లేదు మావయ్యా.”

“అయితే మరి.”

ఆ రెండు మాటలలోనే ఒక పెద్ద విషయం ఇమిడి ఉన్నది. దేశంలోని ప్రతి డ్రైవరు చేతిలోనూ నేడు దారి చూపే సాధనం ఉన్నది. అది ఆకాశంలోని ఉపగ్రహాల సాయంతో అతడు నిలిచిన చోటును కొన్ని మీటర్ల తేడాతో చెప్పగలదు. కాని అతడు ఏమి లాగుకొనిపోతున్నాడో దానికి తెలియదు. కారులో వెళ్ళేవానికి ఇది లోపంగా తోచకపోవచ్చు. వెనుక ట్రైలరు కట్టుకొని బయలుదేరినవానికి ఇదే ప్రధాన ప్రశ్న.

బరువు నిర్ణయించిన ఊరు

దారిని, బరువును కలిపి ఆలోచించడం ఈ నగరానికి కొత్త కాదు. అసలు ఈ ఊరు పుట్టినదే అటువంటి ఆలోచన నుంచి. 1904 ఫిబ్రవరి 24న భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్, జంషెట్జీ టాటాకు ఒక ఉత్తరం వ్రాశాడు. మయూర్‌భంజ్ సంస్థానంలో మేలైన ఇనుప ఖనిజం ఉన్నదని దాని సారాంశం. ఆ సంవత్సరం మే నెలలోనే జంషెట్జీ కన్నుమూశాడు. అన్వేషణను కుమారుడు దొరాబ్జీ కొనసాగించాడు.

ఖనిజం ఒక దిక్కున, బొగ్గు మరొక దిక్కున ఉన్నాయి. కొలిమికి నీరు కావాలి. తయారైన సరుకు రేవుకు చేరడానికి రైలుమార్గం కావాలి. ఈ నాలుగింటిని సరితూచగా తేలిన స్థలం కాళీమాటి రైల్వే స్టేషనుకు చేరువలోని సాక్చి అనే గ్రామం. అక్కడ సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలుస్తాయి. 1907లో కంపెనీ ఏర్పడింది. 1912లో తొలి ఉక్కు వెలువడింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. ఏ ఒక్క గనికో దగ్గరగా ఉన్నదని ఈ స్థలాన్ని ఎంచలేదు. ఏమి మోయాలి, ఎంత మోయాలి, దేనిమీద మోయాలి అన్న లెక్కలు తేలిన తరువాతనే చోటు తేలింది.

1945లో ఇక్కడ టెల్కో సంస్థ వెలసింది. మొదట రైలు ఇంజన్ల తయారీ. 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సంస్థతో ఒడంబడిక కుదిరి లారీల నిర్మాణం మొదలయింది. 2003లో సంస్థ పేరు టాటా మోటార్స్‌గా మారినా, ఊరిలో ఆ పేట నేటికీ టెల్కోయే. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు. ఇంటి పెద్ద కొలిమి వద్ద పనిచేస్తే, ఊరి నుంచి వచ్చే బంధువు ఆ ఉక్కును లారీపై వేసుకొని తిరుగు దారి పడతాడు.

తన నగరంలో వీధులు విశాలంగా ఉండాలని, వాటికి ఇరుప్రక్కల త్వరగా పెరిగే నీడచెట్లు నాటాలని జంషెట్జీ కుమారునికి వ్రాసిన మాట ప్రసిద్ధం. ప్రణాళిక ప్రకారం వేసిన ఆ వీధులను దాటి, నగరం చుట్టూ తనంత తానుగా పెరిగిన బస్తీలలో అడుగుపెట్టగానే లారీవానికి అసలు పరీక్ష మొదలవుతుంది.

తోక చెప్పినట్లు తల వినాలి

ట్రైలరును ఒక పెద్ద లారీ అని మాత్రమే అనుకోవడం పొరపాటు. అది మధ్యలో కీలు గల వాహనం. ముందు భాగాన్ని డ్రైవర్లు ‘హార్స్’ అంటారు. ఇంజను, డ్రైవరు గది అందులో ఉంటాయి. దాని వీపుమీద ఉన్న గుండ్రని ఇనుప పళ్ళెంపై ట్రైలరు ముందుభాగం ఆని తిరుగుతుంది. రెండూ కలిసి పదహారు, పద్దెనిమిది మీటర్ల పొడవుంటాయి. వెడల్పు 2.6 మీటర్లు మించరాదని నిబంధన.

మలుపు తిరిగేటప్పుడు ట్రైలరు వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడువవు. అవి మలుపు లోపలికి కోసుకొని పోతాయి. ముందు చక్రాలు మూలను సునాయాసంగా దాటిన తరువాత, వెనుక చక్రాలు ఆ మూలనున్న దుకాణపు అరుగు ఎక్కుతాయి. అందుచేత ఎడమకు తిరగవలసిన డ్రైవరు మొదట కుడికి జరిగి, చోటు సంపాదించుకొని, ఆపైన తిరుగుతాడు. ఆ చోటు లేని వీధిలో తిరగడమే సాధ్యం కాదు.

వెనుకకు నడపడం ఇంకా కష్టం. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలరు తోక ఎడమకు పోతుంది. కొద్దిగా ఎక్కువ తిప్పితే హార్స్, ట్రైలరు చాకు మడిచినట్లు ఒకదానిమీదికి ఒకటి మడతపడతాయి. దారి తప్పిన కారు ఒక నిమిషంలో వెనుదిరుగుతుంది. దారి తప్పిన ట్రైలరు ఒక ఊరి రాకపోకలన్నిటినీ ఆపివేస్తుంది.

శ్రీకాకుళపు డ్రైవరుకు ఇది పుస్తకజ్ఞానం కాదు. కొన్నేళ్ళ క్రితం ఒక వానాకాలపు రాత్రి, ఫోను చూపిన అడ్డదారిని నమ్మి ఒడిశా సరిహద్దులో ఒక చిన్న ఊరిలోకి దిగాడు. దారి చివర ఒక ఇరుకు కల్వర్టు వచ్చింది. దానిమీద బరువు పరిమితి పలక ఉన్నది. ముందుకు పోలేడు, తిప్పడానికి చోటు లేదు. అప్పటి క్లీనరు టార్చిలైటు పట్టుకొని వెనుక నడుస్తుండగా, అడుగడుగునా ఆగుతూ, తెల్లవారేదాకా బండిని వెనుకకు నడిపాడు. ఒక ఇంటి ప్రహరీగోడ కూలింది. గోడ మూల్యం అతని జీతంలో నుంచే పోయింది. గోడకు అవతల ఒక ముసలమ్మ మంచం వేసుకొని పడుకొని ఉన్నదన్న సంగతి తెల్లవారిన తరువాత తెలిసింది. ఆ మంచం మూరెడు ఇవతల ఉంటే ఏమయ్యేదో అతడు ఇప్పటికీ తలచుకొంటాడు. దగ్గరదారి అన్న మాట వినగానే టీ గ్లాసు కింద పెట్టడం అప్పటి నుంచి అలవాటయింది.

కొలతలు చూస్తే అతని భయం ఎంత సహేతుకమో అర్థమవుతుంది. మన దేశపు రోడ్ల ప్రమాణాల ప్రకారం ఒంటివరుస రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు, రెండు వరుసలదైతే 7 మీటర్లు. ఒంటివరుస రోడ్డులో 2.6 మీటర్ల బండి నిలిస్తే ఎదురుగా సైకిలు రావడమే కష్టం. ఇక బరువు సంగతి. 2018లో కేంద్ర ప్రభుత్వం నాలుగు టైర్లు గల ఒంటి ఇరుసుపై అనుమతించే భారాన్ని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. బండి, ట్రైలరు, సరుకు కలిసిన మొత్తం 55 టన్నులు మించరాదు. రహదారి వంతెన ఆ భారాన్ని మోస్తుంది. పల్లెటూరి కల్వర్టు మోస్తుందన్న హామీ లేదు.

ఆకాశం చెప్పేది, చెప్పనిది

సాధనాన్ని ఎంచుకొనే ముందు అది ఎలా పనిచేస్తుందో తెలుసుకొనడం మంచిది. అమెరికావారి జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. వ్యవస్థ పనిచేయడానికి కనీసం 24 ఉండాలి. ప్రతి ఉపగ్రహం తన స్థానాన్ని, కాలాన్ని నిరంతరం ప్రసారం చేస్తుంది. ఆ సంకేతం చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి చేతిలోని సాధనం దూరం లెక్కకడుతుంది. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే స్థానం తేలుతుంది. ఒక సెకనులో నూరు కోట్లవ వంతు తప్పు జరిగినా దూరంలో 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అంతటి సున్నితమైన లెక్క ఇది. పౌరులకు అందే సంకేతంలో ఉద్దేశపూర్వకంగా కలిపిన తప్పును అమెరికా 2000 మే నెలలో తొలగించింది. సామాన్యుని బండిలోకి ఈ సాధనం రావడానికి అదే వీలు కల్పించింది.

మన దేశానికి సొంత వ్యవస్థ ‘నావిక్’. దాని మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి ఎగిరింది. 2016 ఏప్రిల్‌లో ఏడవది చేరిన తరువాత ఈ పేరు పెట్టారు. దారిలో చిక్కులు లేకపోలేదు. కొన్ని ఉపగ్రహాలలోని అణు గడియారాలు మొరాయించాయి. 2023 మేలో ప్రయోగించిన కొత్త తరం ఉపగ్రహంలో స్వదేశీ రుబీడియం గడియారాన్ని అమర్చారు. 2025 జనవరిలో పంపిన తరువాతి ఉపగ్రహం మాత్రం ఉద్దేశించిన కక్ష్యకు చేరలేకపోయింది.

అయితే ఏ ఉపగ్రహమైనా చెప్పేది ఒక్కటే: ‘నీవు ఇక్కడ ఉన్నావు.’ ఏ దారిన పోవాలో అది చెప్పదు. ఆ పని సాధనంలోని పటానిది. పటంలో రోడ్డు గీత ఉంటుంది. ఆ రోడ్డుమీద వేలాడే కరెంటు తీగ ఎత్తు, రైలు వంతెన కింద ఖాళీ, కల్వర్టు మోయగల భారం పటంలోకి ఎవరైనా ఎక్కిస్తేనే ఉంటాయి. ఒకదానిమీద ఒకటిగా ఉన్న ఫ్లైఓవరు, దాని కింది సర్వీసు రోడ్డు సాధనం కంటికి ఒకే గీత. బండి పైన ఉన్నదో కింద ఉన్నదో అది తరచుగా పొరబడుతుంది.

పటం పాతబడితే సంభవించే ప్రమాదానికి 2024 నవంబరులో ఉత్తర ప్రదేశ్‌లోని బరేలీ వద్ద జరిగిన దుర్ఘటన సాక్ష్యం. వరదలలో కొంత భాగం కొట్టుకుపోయిన వంతెన సాధనం తెరపై మాత్రం చెక్కుచెదరక నిలిచి ఉన్నది. ఆ దారిన వెళ్ళిన కారు రామగంగలో పడి ముగ్గురు మరణించారు. వంతెన తెగిందని తెలిపే అడ్డుకట్టయినా అక్కడ సరిగా లేకపోయింది.

దారి చెప్పే నలుగురు

ట్రైలరు నడిపేవానికి నేడు నాలుగు రకాల సహాయాలు అందుబాటులో ఉన్నాయి. దేని గుణం దానిది.

మొదటిది సెల్‌ఫోనులోని పటం. ఉచితం, రద్దీని అప్పటికప్పుడు చెబుతుంది, తెలుగులో కూడా మాట్లాడుతుంది. కాని అందరూ ఎక్కువగా వాడే పటాలు కారునో, మోటారు సైకిలునో దృష్టిలో పెట్టుకొని తయారైనవి. కారు వెళ్ళలేనంత ఇరుకు వీధులను తప్పించే ఏర్పాటును సైతం ఒక ప్రసిద్ధ సంస్థ మన దేశంలో 2024 జూలైలో మాత్రమే ప్రకటించింది. అదీ మొదట హైదరాబాదు, బెంగళూరు, భువనేశ్వర్ మొదలైన ఎనిమిది నగరాలకే. కారు సంగతే ఇలా ఉండగా పద్దెనిమిది మీటర్ల బండి గురించి చెప్పనక్కరలేదు.

రెండవది భారీ వాహనాల కోసమే తయారు చేసిన మార్గదర్శక యంత్రం. ఐరోపా, అమెరికాలలో లారీలవారు, కారు వెనుక చక్రాల ఇల్లు కట్టుకొని విహారయాత్రకు పోయేవారు దీనిని కొంటారు. బయలుదేరే ముందు ఎత్తు, పొడవు, వెడల్పు, బరువు అందులో నమోదు చేస్తే, ఆ బండికి పనికిరాని దారులను అది వదలివేస్తుంది. అయితే ఈ తెలివి యంత్రానిది కాదు, పటానిది. వంతెనల ఎత్తులు, భార పరిమితులు పటంలో నమోదైన దేశాలలోనే దాని విలువ. ఆ వివరాలు లేని దేశంలో ఖరీదైన యంత్రం కూడా సెల్‌ఫోను చెప్పిన మాటనే చెబుతుంది.

వివరాలన్నీ ఉన్నంత మాత్రాన సరిపోతుందా అంటే అదీ లేదు. అమెరికాలోని డర్హమ్ పట్టణంలో 11 అడుగుల 8 అంగుళాల ఎత్తుగల రైలు వంతెన ఒకటి ఉన్నది. హెచ్చరిక పలకలు, దీపాలు పెట్టినా లారీలు వచ్చి దానికి తగులుకొంటూనే ఉండేవి. 2008 నుంచి అక్కడ అమర్చిన కెమెరా నూరుకు పైగా ప్రమాదాలను చిత్రించింది. విసిగి 2019లో వంతెనను ఎనిమిది అంగుళాలు పైకెత్తారు. ఆ తరువాత కూడా తగిలిన లారీలు ఉన్నాయి. తన బండి ఎత్తు తనకు తెలియని డ్రైవరుకు ఏ పలకా ఉపకరించదు.

మూడవది యజమాని బండిలో బిగించే జాడ పెట్టె. చాలామంది దీనిని మార్గదర్శక సాధనమని భ్రమపడతారు. ప్రజారవాణా వాహనాలలో ఇటువంటి పెట్టెను, ఆపద మీటను 2019 నుంచి తప్పనిసరి చేశారు. సరుకు లారీలలో కూడా అనేకులు అమర్చుకొంటున్నారు. బండి ఎక్కడున్నదో ఇది యజమానికి చెబుతుంది. ఎక్కడికి పోవాలో డ్రైవరుకు చెప్పదు.

నాలుగవది అన్నిటికన్నా పాతది: ఎదుటి దిక్కు నుంచి వచ్చిన డ్రైవరు. రాత్రి పది గంటలకు ఢాబాలో రొట్టె తుంచుతున్న మనిషి, మూడు గంటల క్రితం తాను దాటివచ్చిన దారిని గురించి చెప్పే మాట ఏ పటం కన్నా తాజాగా ఉంటుంది. పైగా అతని వెనుక కూడా ట్రైలరే ఉన్నది.

కొనబోయే ముందు

అందుచేత ట్రైలరు కట్టుకొని దూర ప్రయాణానికి పోయేవారు, అది ఉక్కు చుట్ట అయినా, పడవ అయినా, చక్రాల ఇల్లయినా, సాధనాన్ని కొనే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి.

నా బండి కొలతలు ఇది అడుగుతుందా? అడిగితే, ఆ కొలతలనుబట్టి మన రాష్ట్రాలలో నిజంగా దారి మారుస్తున్నదా? దీనిని పరీక్షించడం సులభం. మీకు బాగా తెలిసిన ఒక తక్కువ ఎత్తు వంతెననో, ఇరుకు వీధినో మధ్యలో పెట్టి దారి అడగండి. మొదట కారు కొలతలు, తరువాత ట్రైలరు కొలతలు ఇవ్వండి. రెండుసార్లూ ఒకే దారి చూపితే దానికి అదనపు ధర చెల్లించనక్కరలేదు.

సెల్‌ఫోను సిగ్నలు లేనిచోట పనిచేస్తుందా? ఉపగ్రహ సంకేతానికి సెల్‌ఫోను టవరుతో పని లేదు. ఆగిపోయేది పటమే. ఈ ప్రాంతపు అడవి దారులలో సిగ్నలు తెగిపోవడం మామూలు. పటాన్ని ముందుగానే సాధనంలో భద్రపరచుకొనే వీలుండాలి.

విద్యుత్తు సరిపోతుందా? కారు బ్యాటరీ 12 వోల్టులు. భారీ లారీలది సాధారణంగా 24. కారు కోసం కొన్న చార్జరును లారీలో గుచ్చి సాధనాన్ని పాడుచేసుకొన్నవారు ఉన్నారు. రెండింటికీ పనికివచ్చేదని దానిమీద వ్రాసి ఉన్నదో లేదో చూడాలి.

తెర ఎక్కడ ఉంటుంది? ఎండలో కనిపించాలి, కుదుపులకు జారిపడరాదు, రోడ్డును కప్పివేయరాదు. 2020 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, నడిపేటప్పుడు చేతి ఫోనును దారి చూసుకొనడానికి మాత్రమే, అదీ ఏకాగ్రతకు భంగం కలుగకుండా ఉపయోగించవచ్చు. బండి కదులుతుండగా దారి మార్చుకొనడానికి తెర నొక్కుతూ కూర్చోవడం ఆ అనుమతిలోకి రాదు. ఆ పని క్లీనరుది. ఒంటరి ప్రయాణమైతే బండి ఆపిన తరువాతిది.

చివరిగా, పటాన్ని ఎన్నాళ్ళకొకసారి సరిదిద్దుతారు? వానాకాలం దాటిన తరువాత సరిదిద్దని పటాన్ని వరద ప్రాంతాలలో సగమే నమ్మాలి.

ఇవన్నీ సరిచూసుకొన్న తరువాత చేయవలసిన పని మరొకటి ఉన్నది. బయలుదేరే ముందు రాత్రి, మొదటి రెండు కిలోమీటర్లను, చివరి రెండు కిలోమీటర్లను ఉపగ్రహ చిత్రంలో కళ్ళారా చూడాలి. జాతీయ రహదారిమీద ట్రైలరు దారి తప్పడం అరుదు. తప్పేది గోదాము సందులో, చెరువుగట్టు మలుపులో.

బహరాగోడా వైపు

శ్రీకాకుళపు డ్రైవరు హాటా దారిని వదిలి మాంగో వైపు కదిలాడు. ఒకప్పుడు 33వ నంబరుగా ప్రసిద్ధమై, ఇప్పుడు 18వ నంబరుగా మారిన జాతీయ రహదారి అది. ఘాట్‌శిలా, ధాల్‌భూమ్‌గఢ్‌ల మీదుగా బహరాగోడాకు, అక్కడి నుంచి బారిపదా మీదుగా బాలాసోరుకు పోతుంది. బాలాసోరులో 16వ నంబరు రహదారిని కలిసిన తరువాత భువనేశ్వర్, బరంపురం, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం దాటి విశాఖ వరకు దారి ఒకటే. హాటా దారి చెడ్డదని అతడు అనడు. ఇటీవల ఆ దారిన బరువుతో వెళ్ళి వచ్చినవాడు తనకు ఎదురుపడలేదని మాత్రమే అంటాడు.

ఊరు దాటగానే చీకటి చిక్కబడింది. దల్మా అభయారణ్యపు ఏనుగులు కోతల కాలంలో బెంగాలు వైపు కదిలే ప్రాంతమిది. డ్రైవరు వేగం తగ్గించి, రోడ్డు అంచులను చూస్తూ నడుపుతున్నాడు. ఘాట్‌శిలా వచ్చింది. బెంగాలీ నవలాకారుడు విభూతిభూషణ్ బందోపాధ్యాయ 1950లో కన్నుమూసిన ఊరు ఇదే. ఆయన ప్రేమించిన అడవుల ప్రక్కనుంచి ఇప్పుడు రాత్రంతా ఉక్కు ప్రవహిస్తుంది.

జార్ఖండ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ మూడూ చేరువగా వచ్చే బహరాగోడా వద్ద దారులు చీలుతాయి. ఒకటి ఖరగ్‌పూర్ మీదుగా కలకత్తా వైపు, మరొకటి ఒడిశాలోకి. కూడలికి ముందు ఒక ఢాబా వద్ద బండి ఆగింది. బాలాసోరు వైపు నుంచి వచ్చిన ట్రైలరు ఒకటి అప్పుడే నిలిచింది. ఆ డ్రైవరుది బీహారు. హిందీలో కుశలప్రశ్నలయిన తరువాత, శ్రీకాకుళపు డ్రైవరు అడిగిన మొదటి మాట దారి గురించే. బారిపదా దాటిన తరువాత ఒకచోట రోడ్డు పని జరుగుతున్నదని, ఎడమవైపు వేసిన మళ్ళింపు మట్టి వానకు మెత్తబడిందని, బరువు బండి అంచుకు పోరాదని బీహారు డ్రైవరు చేతులతో చూపుతూ వివరించాడు. రొట్టె ముక్కను రోడ్డుగా, ఉల్లిపాయను మలుపుగా పెట్టి బల్లమీద ఒక పటమే గీశాడు.

మేనల్లుడు శ్రద్ధగా విని, ఫోను తీశాడు. తెరమీద ఆ చోటును వెతికి, వేలితో నొక్కిపట్టి ఒక గుర్తు పెట్టాడు. గుర్తుకు పేరు పెట్టమని ఫోను అడిగింది. “మట్టి మెత్తన, కుడి అంచు పట్టుకో” అని తెలుగులో వ్రాశాడు.

మావయ్య కళ్ళద్దాలు తీసుకొని ఆ తెరను దగ్గరగా చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు.

“ఇలాగ ఎన్ని పెట్టొచ్చురా?”

“ఎన్నయినా పెట్టొచ్చు మావయ్యా.”

“అయితే ఇది కూడా పెట్టు,” అని, ప్రహరీగోడ కూలిన ఆ ఊరి పేరు చెప్పాడు. తరువాత ఇంకొక వంతెన పేరు, ఆపైన విజయనగరం వైపు ఒక గోదాము సందు. ఇరవై ఏళ్ళుగా తలలో మోసుకొని తిరుగుతున్నవి అవి. కుర్రవాడు ఒక్కొక్కటి వ్రాసుకొంటూ ఉండగా టీ చల్లారిపోయింది. ఢాబా కుర్రవాడు మళ్ళీ వేడి చేసి తెచ్చాడు.

అర్ధరాత్రి దాటాక బండి కదిలింది. ఫోను డ్యాష్‌బోర్డుమీద బిగించి ఉన్నది. కూడలి రాగానే అది కుడికి తిరగమన్నది. డ్రైవరు అద్దంలో ట్రైలరు తోకను ఒకసారి చూసుకొని, మొదట ఎడమకు జరిగి, చోటు సంపాదించుకొని, మెల్లగా కుడికి తిరిగాడు.